మూడు రోజుల్ల గుర్రాన్ని లొంగదీసిండట!

పొద్దుగాల లేచేసరికి జిల్లా గ్రూపుల ఒక వీడియో తిరుగుతున్నది. రెండేండ్లు సుత నిండని థరోబ్రెడ్, అంటే రేసుల జాతి గుర్రప్పిల్ల. తబేలాకు తెచ్చిన మూడో రోజే 80 కిలోల మనిషి దాని మీద ఎక్కి కూసున్నడు. పిల్ల నోరు తెరిచి, తల మీదికెత్తి, మెడంత నురుగు గట్టి వణుకుతుంటే చుట్టున్నోళ్లు చప్పట్లు కొడుతున్నరు. కింద కామెంట్లు: ‘మగాడంటే వీడు’, ‘గిసొంటి పని ఆడోళ్లతోని అయితదా’.

అయితది. మీకంటె మంచిగ అయితది. ఎట్లనో చెప్త, ఆఖరుదాక సదువుండ్రి.

గుర్రప్పిల్లను సవారీకి మలిపే ఈ పని నోటికాన్నుంచి మొదలైతది, వీపుకాన్నుంచి గాదు. కళ్ళెం పెట్టకముందే డాక్టరుకు దాని పండ్లు చూపియ్యాలె. కొన్నింటికి పై దవడ పండ్ల ముందట చిన్న వుల్ఫ్ టూత్ ఉంటది. దానికి బిట్, అంటే నోట్ల పెట్టే కళ్ళెం ఇనుము, తాకితే పిల్ల తల ఎగరేస్తది, ఒక్క దిక్కే తిరుగుతది. మనోళ్లు ‘మొండిది’ అని కట్టె తీస్తరు. అది మొండిది గాదు, దానికి నొప్పి! డాక్టరుతోని ఆ పన్ను తీపిచ్చి, పుండు మానినంక, నడుమ మూడు చిన్న ఇనుప ముక్కలు వేలాడే బిట్ పెట్టాలె. నాలుకతోని ఆడుకుంటది, లాలాజలం ఊరుతది, దవడ మెత్తవడుతది. రోజుకు 15, 20 నిమిషాలు చాలు. బిట్ కిందికి జారి ఉంటే నాలుక దాని మీదికి ఏసుడు మరుగుతది. ఆ అలవాటు పడ్డదంటే మాన్పుడు మస్తు కష్టం, రేసుల జాకీ చేతికి అందనే అందదు. అప్పుడు తిట్లు జాకీకి, చెడగొట్టినోడు మాత్రం ఏడనో హాయిగ ఉంటడు.

తర్వాత రోలర్, అంటే జీను కంటె ముందు వీపు, పొట్ట చుట్టు కట్టే వెడల్పు పట్టీ. ఛాతి పట్టీ లేకుంట రోలర్ కట్టద్దు. వెనక్కి జారి పొట్ట నడుమకు పోయిందంటే పిల్ల ఎగిరి గోడలకు గుద్దుకుంటది. తంగ్, అంటే పొట్ట కింది పట్టీ, ఒకటేసారి బిగియ్యద్దు. ఒక రంధ్రం బిగిచ్చి నాలుగడుగులు నడిపియ్యాలె, మళ్ల ఇంకో రంధ్రం. బలంగ గుంజి కట్టిన పిల్ల అటెన్క జీను చూస్తెనే నడుము గట్టిగ చేస్తది, మనిషి ఎక్కంగనే దుముకుతది. పొడుగు తాడు మీద గుండ్రంగ తిప్పుడు గూడ అటు 5 నిమిషాలు, ఇటు 5 నిమిషాలు. అలసిపోయేదాక తిప్పితే లొంగుతదని అనుకుంటరు. లొంగుడు దేవుడెరుగు, లేత కీళ్లు ఖరాబైతయి.

అసలు చదువు రెండు పొడుగు పగ్గాలతోని ఉంటది. పిల్ల ముందల నడుస్తది, నువ్వు వెనుక నడుస్తవ్. ఒక చెవి వెనక్కి మలిపి నీ అడుగుల సప్పుడు వింటుంటది. ఎడమకు తిరగాలంటే ఎడమ పగ్గం మీద వేళ్లు మూసి, కుడిది కొంచెం వదలాలె. పిల్ల ముక్కు తిప్పిన ఆ గడియలనే వేళ్లు తెరువాలె. తెరువకుంటే, చెప్పినట్టు విన్నందుకు దానికి శిక్ష వేసినట్టే. గీడ కండలతోని ఏం పని? వేళ్లు కావాలె, ఓపిక కావాలె.

ఎక్కుడు సుత మొదట తబేలా లోపల్నే. జీను మీద పొట్ట ఆనిచ్చి అడ్డంగ వాలాలె, కొంచెంసేపు ఉండి దిగాలె. రెండు దిక్కులకెళ్లి చెయ్యాలె. ఎక్కే మనిషి 50, 55 కిలోలు దాటకుంటే మంచిది. ముందు కాలు మోకాలి మీద ఎముక పెరిగే జాగ మూసుకోనీకె రెండు, రెండున్నరేండ్లు వడుతది. వెన్నుపూసలు ఇంకా ఆలస్యం. గసొంటి పిల్ల మీద మూడో రోజు 80 కిలోలు! మొత్తం పని 4 నుంచి 6 వారాలు. అటెన్క ప్రీ-ట్రైనింగ్, అంటే రేసు తర్ఫీదుకు ముందటి తయారీ, ఇంకో రెండు మూడు నెలలు. నెమ్మదిగున్న ముసలి గుర్రాన్ని ముందు పెట్టుకొని ట్రాట్ అనే చిన్న ఉరుకు, తర్వాత 200 మీటర్లకు 20 సెకండ్ల లెక్కన క్యాంటర్ అనే మెల్లటి దౌడు. వేగం ఒకేసారి పెంచినా, వేగమే తగలకుంట రోజూ మెల్లగ దూరాలు ఉరికిచ్చినా షిన్స్, అంటే ముందుకాళ్ల ఎముక మీద వాపు, నొప్పి వస్తయి. మోకాలి కింది ఎముక ముందు భాగాన్ని బొటనవేలుతోని ఒత్తి చూడుండ్రి. పిల్ల కాలు గుంజుకున్నదంటే ఆ దినం పని బంద్. మన చల్కనేల ఎండాకాలం సిమెంటు రోడ్డుకు తక్కువ లేదు. ఇసుక పోయకుంట దాని మీద ఉరికిచ్చేటోళ్లకు గుర్రాలెందుకసలు?

ఇంకొకటి, నల్లగొండ దిక్కు చవుకగ భూమి దొరికిందని ఫామ్ పెట్టేటోళ్లకు చెప్పాలె. మర్రిగూడ, మునుగోడు నీళ్లు మనుషుల బొక్కలనే వంచినయి. తాగే నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు. గుర్రం రోజుకు 30, 40 లీటర్లు తాగుతది, ఎండల ఇంకా ఎక్కువ. పండ్లు, ఎముకలు తయారయ్యే వయసుల ఆ బోరు నీళ్లు పోస్తే పండ్ల మీద మచ్చలు, ఎముకల మీద గడ్డలు, అటెన్క కుంటుడు. లక్షలు పెట్టి పిల్లను కొంటరు, నీళ్ల పరీక్షకు మాత్రం పైసలు తీయరు.

ఇగ అసలు మంట గిది. గీ పనంత చేసిన ఆడపిల్లను ఎవ్వడు మనిషి లెక్క చూడడు. ఓనర్ ఫామ్‌కు వస్తడు, పిల్లను నెలల సంది తయారుచేసిన అమ్మాయిని చూసి ‘సారు లేడా అమ్మా’ అంటడు. రూపా సింగ్ మన రేసుకోర్సులల్ల జాకీగ ఎన్ని గెలుపులు గెలిచింది? మిషెల్ పేన్ 2015ల ఆస్ట్రేలియా పెద్ద రేసు మెల్‌బోర్న్ కప్ గెలిచింది, రేచల్ బ్లాక్‌మోర్ 2021ల ఇంగ్లండు పెద్ద రేసు గ్రాండ్ నేషనల్ గెలిచింది. ఇంకేం రుజువు కావాలె మీకు?

మలక్‌పేటల రేసులు 1886ల మొదలైనయి. ఏ నిజాం కాలంల మొదలైనయో, ఆ మహబూబ్ అలీ ఖాన్ పేరే మన పాలమూరుకు పెట్టిండ్రు. ఇన్నేండ్లు గడిచినా రేసు కార్డుల ఓనర్ ఉంటడు, ట్రైనర్ ఉంటడు, జాకీ ఉంటడు, గుర్రం తల్లి పేరు, తండ్రి పేరు ఉంటయి. దానికి మొదటిసారి కళ్ళెం పెట్టిన మనిషి పేరు ఉండదు. గెలిచినంక ఫొటోల ఎవరెవరో వచ్చి నిలబడుతరు. ఆమె మాత్రం తెల్లారక ముందు 4 గంటలకు ఇంకో పిల్ల కాళ్లు చేత్తోని తడిమి చూస్తుంటది. ఓనర్ ఆమెకు ఇయ్యాల్సిన బిల్లు మూడు నెలల సంది బాకీ. ఉలవలకు, ఓట్స్‌కు, లూసర్న్ గడ్డికి దుకాణపాయన అరువు ఇస్తలేడు.

కార్డుల ఇంకో వరుస పెట్టుండ్రి. ఆమె పేరు అచ్చెయ్యుండ్రి. ఆ బాకీ ఇయ్యాల్నే కట్టుండ్రి.