34,449 పుట్ల ధాన్యం

మా రైస్ మిల్లు నెల్లూరు జిల్లాలో బుచ్చిరెడ్డిపాళెం దాటినాక వస్తుంది. పేరు చెప్పను, జీతం ఇంకా అక్కడే తీసుకుంటున్నా. పద్దెనిమిదేళ్లుగా గుమాస్తాని. చిట్టా, ఆవర్జా, కాటా చీటీల కట్ట, చెవి మీద పెన్ను, ఇదే అప్పట్లో మా సిస్టమ్. ఎవరి ధాన్యం ఎప్పుడొచ్చింది, ఎవరికెంత ఇవ్వాలి అనేది నేను లీవు పెడితే మిల్లులో ఇంకొకరికి తెలిసేది కాదు, ఆ సంగతి తల్చుకుని లోపల్లోపల మురిసిపోయేవాణ్ణి కూడా. మా ఓనరు గారబ్బాయి చెన్నైలో ఎంబీఏ చేసి వచ్చి ఆ మురిపెం తీర్చేశాడు.

ఈఆర్పీ అని, మిల్లు లెక్కలన్నీ ఒకేచోట చూసే కంప్యూటర్ సిస్టమ్ పెట్టించాడు. కాటా దగ్గర ఒకసారి ఎంట్రీ కొడితే చాలు, అదే గోడౌన్ స్టాకులోకి, రైతు ఖాతాలోకి, హమాలీల కూలి పట్టీలోకి, గోతాల ఆర్డర్లోకి పోతుంది, మళ్లీ ఎవరూ ఏమీ రాయక్కర్లేదు. ఆలోచన మంచిదే, కాదనను. ఒకచోట తప్పు కొడితే మిగతా చోట్ల ఏమవుతుందని డెమో రోజు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆ రోజు బిర్యానీ పెట్టారు.

హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ పిల్లలతో మొదటి పేచీ పుట్టి దగ్గర వచ్చింది. వాళ్ల లిస్టులో కిలో ఉంది, క్వింటా ఉంది, టన్ను ఉంది, పుట్టి లేదు. "పుట్టి అంటే నదిలో తిరిగే గుండ్రటి పడవ కదా అంకుల్, దానితో ధాన్యం ఎలా తూస్తారు?" అన్నాడు ఒకబ్బాయి, చాలా మర్యాదగా. మా నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు, రైతు బేరమాడేది పుట్టిలోనే, క్వింటాల్లో రేటు చెబితే మొహం మొహం చూసుకుంటారని సాయంత్రం దాకా చెప్పి ఒప్పించాను. తర్వాత బియ్యం సంచి. లిస్టులో 25 కిలోలదే ఉంది. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా లేబుల్ వేసిన సంచికి 5 శాతం జీఎస్టీ అన్నారు గదా, దాంతో ఇప్పుడు మాది 26 కిలోల సంచి నాయనా అంటే, ఆ ఒక్క కిలో ఎందుకో అర్థమయ్యేసరికి వాళ్లకి నవ్వాగలేదు.

ఇంకో పేచీ వార్నింగులు. బస్తా ఎక్కువ కొట్టినా, తేమ శాతం తేడా ఉన్నా ఎర్ర డబ్బా వచ్చి "మీరు ఖచ్చితంగా చెబుతున్నారా?" అని అడిగేది. కోతలప్పుడు కాటా ముందర ముప్పై ట్రాక్టర్లు నిలబడి హారన్లు కొడుతుంటే దానికి జవాబు చెప్పేదెవరు? నేనే పోయి చిన్న ఓనరుతో చెప్పి వార్నింగులన్నీ తీసేయించాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తీసేయించింది నేనే.

చిన్న ఓనరు మాత్రం ఒకే మంత్రం పట్టుకున్నాడు. "సిస్టమ్‌లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు." హమాలీ మేస్త్రి వచ్చి నలభై బస్తాల కూలి రాలేదు సార్ అన్నా అదే మంత్రం, తవుడు కొనేవాడు వచ్చి పాత అడ్వాన్సు సంగతేంటన్నా అదే మంత్రం. మేస్త్రి ఏమీ అనలేదు, తల ఊపి వెళ్లాడు. ఆయన తల ఊపాడంటే మాట మనసులో పెట్టుకున్నాడనే లెక్క.

మార్చి నెల, మిట్టమధ్యాహ్నం, ఏసీ పనిచేయడం లేదు. మా ఊరి మామ ఒకాయన మూడు పుట్ల ధాన్యం తెచ్చాడు. రకం 34449, అదే మన నెల్లూరు మసూరి. స్క్రీన్ మీద రకం గడి, పరిమాణం గడి పక్కపక్కనే ఉంటాయి. రకం ఆయన పాత ఖాతా నుంచి దానంతటదే పడిందని నేను చూసుకోలేదు. అలవాటు కొద్దీ 34449 అని కొట్టి ఎంటర్ నొక్కాను, టీ తాగడానికి పోయాను. ఎర్ర డబ్బా రాలేదు. ఎట్ట వస్తుంది?

టీ కొట్టు దగ్గర మొదటి గుక్క మింగకముందే మామ ఫోన్. "అబ్బయా, మెసేజీ వచ్చుండాది. 34,449 పుట్లు ముట్టినాయంట, పుట్టి ఇరవై వేల లెక్కన 68 కోట్ల 89 లక్షల 80 వేలు నాకు రావాలంట. మొత్తం ఒక్కసారే వద్దులే, మీకూ ఇబ్బంది. అరవై ఇప్పుడిచ్చి మిగతాది ఉగాదికి సర్దండి."

టీ అక్కడే పెట్టి పరిగెత్తాను. నా ఎంట్రీ నాకంటే ముందే పరిగెత్తింది. గోడౌన్ స్టాకులో 29 వేల టన్నులు పైగా వచ్చి కూర్చున్నాయి, మా గోడౌన్ అయితే రెండు వేలు పెడితేనే తలుపు మూసుకోదు. అంత ధాన్యానికి గోతాలు చాలవని సిస్టమే లెక్క కట్టి, 75 కిలోల గోతాలు 3,90,422 కావాలని వ్యాపారికి మెయిల్ పంపేసింది. ఆయన ఫోన్ చేసి, "ఏందన్నా, జిల్లా మొత్తం మీరే కొనేస్తుండారా? సరుకు లేదు గానీ అడ్వాన్సు పంపండి, కలకత్తాకి ఆర్డర్ పెడతా" అన్నాడు. ఆ గొంతులో అంత గౌరవం పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ వినలేదు.

చిన్న ఓనరు కేబిన్లోకి పోయేసరికి మేస్త్రి అప్పటికే అక్కడున్నాడు, చేతిలో కూలి పట్టీ ప్రింటు. మూడు లక్షల తొంభై వేల బస్తాలు దించిన కూలి. "అది తప్పు ఎంట్రీ మేస్త్రీ, అన్ని బస్తాలు ఎవరు దించారు?" అని చిన్న ఓనరు అంటే, మేస్త్రి చాలా నిదానంగా, "సిస్టమ్‌లో ఉంటే ఉన్నట్టే గద సార్" అన్నాడు. ఆ పాత నలభై బస్తాల కూలి ఆ సాయంత్రమే వచ్చేసింది ఆయనకి, నగదుగా.

డిలీట్ చేద్దామంటే అవదు. హైదరాబాదు అబ్బాయికి ఫోన్ చేస్తే, ఖాతాలోకి ఎక్కిన ఎంట్రీ తుడవకూడదు అంకుల్, తుడిస్తే రేపు ఎవరైనా ఏదైనా తుడిచేస్తారు, దానికి ఎదురు ఎంట్రీ వేయాలి అన్నాడు. న్యాయమే, మా చిట్టాలో కూడా కొట్టివేతలు ఉండకూడదనే మా పాత ఆడిటరు తిట్టేవాడు. సరేనని రైతు 34,446 పుట్లు వెనక్కి తీసుకుపోయినట్టు రిటర్న్ ఓచర్ వేశాను. బండి నంబరు అడిగింది. మామ ట్రాక్టర్ నంబరే కొట్టాను, ఇంకేం చేసేది. వెంటనే గేటు దగ్గర ప్రింటర్ గీగీమంటూ గేట్ పాస్ కక్కింది.

గేటు దగ్గర వాచ్‌మన్ తాత "బండి బయటికి పోయింది" అని తన లాగిన్‌లో నొక్కితే గానీ ఆ రిటర్న్ పూర్తి కాదు. నొక్కు తాతా అంటే నొక్కడు. "పోయిన బండి నేను చూడలా. చూడంది నేను రాయను, పాత పుస్తకంలోనూ రాయలా." చిన్న ఓనరు వచ్చి చెప్పాడు, పెద్ద ఓనరు ఫోన్లో చెప్పాడు. ఊహూ. చివరికి మామని బతిమాలి ఖాళీ ట్రాక్టర్‌ని గేటు దాటించాం. తాత దానికేసి చూశాడు, గేట్ పాస్‌కేసి చూశాడు, బీడీ పెట్టె వెనక పెన్సిలుతో ఏదో లెక్క వేశాడు.

"ట్రిప్పుకి నాలుగు పుట్ల లెక్కన, ఇంకా 8,610 ట్రిప్పులు, పైన ఒక అర ట్రిప్పు ఉండాది బాబూ. నా డ్యూటీ ఆరింటికి అయిపోద్ది, ఓవర్‌టైం ఎవరు రాస్తారు, నువ్వా, సిస్టమా?"