పడవలాంటి చంద్రుడు తప్పు కాదు

విదేశంలో చదివే రెండో తరగతి తెలుగు పిల్ల నెలవంకను పడవలా, రెండు కొమ్ములూ పైకి లేచినట్టు గీసిందనుకుందాం. పాఠ్యపుస్తకంలోనేమో అది బ్రాకెట్టులా నిలువుగా ఉంది. టీచరు ఎర్ర పెన్నుతో దిద్దేస్తారు. కానీ ఆ పిల్ల గీసిందీ సరైనదే. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సాయంత్రపు నెలవంక చాలావరకు వెల్లకిలా పడుకున్నట్టే కనిపిస్తుంది. ఉత్తరానికి పోయేకొద్దీ ఒక పక్కకు లేస్తుంది, దక్షిణానికి పోతే రెండో పక్కకు. మన ఊళ్లో అమ్మమ్మ చూపించిన చంద్రుణ్ణే ఆ పిల్ల గీసింది. ఆ ఎర్రగీత పడ్డాక అమ్మమ్మ చెప్పిన సంగతేదీ మళ్లీ క్లాసులో ఎత్తదు.

వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్ సృష్టించిన దృశ్యంలో ఉన్నట్టే చూడటం, దాని మీద నా ఆశంతా ఇక్కడే ఉంది. అక్షాంశం మారుస్తూ పోతే ఆ పిల్ల కళ్లముందే నెలవంక పడవలా ఉన్నది కాస్తా మెల్లగా నిలబడుతుంది. భూమిని వదిలి బయట నిలబడి చూస్తే, గ్రహణం లేనప్పుడు చంద్రుడిలో సగం ఎప్పుడూ వెలుగులోనే ఉందని తెలుస్తుంది. అందులో మనకు ఎంత కనబడుతుందన్నదే రోజురోజుకీ మారుతుంది. చంద్రకళలకు కారణం భూమి నీడ అని నమ్మే పెద్దవాళ్లే ఎంతోమంది. బంతి, టార్చిలైటుతోనూ ఇది చెప్పొచ్చు, చెప్పాలి కూడా. కానీ అమ్మమ్మ ఉన్న చోటి ఆకాశాన్నీ మనవరాలి ఆకాశాన్నీ వెంటవెంటనే చూపడం బంతితో అయ్యే పని కాదు.

పిల్లల సంస్కృతికి తగిన బోధనకు 1995లో అమెరికా విద్యావేత్త గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ మూడు గీటురాళ్లు పెట్టారు: పిల్లలు చదువులో ఎదగాలి, తమ సంస్కృతిలో నిలదొక్కుకోవాలి, సమాజంలోని అన్యాయాన్ని ప్రశ్నించగలగాలి. పండగ బట్టలు తొడిగిన త్రీడీ బొమ్మ వచ్చి పాఠం చెప్తే ఈ మూడింటిలో ఒక్కటీ నెరవేరదు. దానికి బదులు హోకులేయా అనే హవాయి సంప్రదాయ పడవ సంగతి చూడండి. 1976లో, రెండు పడవలను జోడించి కట్టినట్టుండే ఆ పడవ పరికరాలేవీ లేకుండా, నక్షత్రాలనూ అలలనూ నమ్ముకుని హవాయి నుంచి తహితి చేరింది. దారి చూపింది మైక్రొనేషియా నావికుడు మావ్ పియైలుగ్. వర్చువల్ రియాలిటీలో అలాంటి పడవ మీద రాత్రిపూట పిల్లలను నిలబెట్టి, ఉదయించే నక్షత్రాన్ని బట్టి దిక్కు చెప్పమంటే హవాయి పిల్లవాడు తాతల విద్యతోనే ఖగోళశాస్త్రంలోకి అడుగుపెడతాడు.

చిన్నపిల్లలకు హెడ్‌సెట్ తగిలించమని మాత్రం నేననను. మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ వాడటానికి కనీస వయసు 2023లో 13 నుంచి 10కి తగ్గింది, అదీ తల్లిదండ్రుల అదుపులో ఉండే ఖాతాతో. ప్రాథమిక బడిలో చాలామంది అంతకన్నా చిన్నవాళ్లే. హెడ్‌సెట్ టీచరు పెట్టుకుని దృశ్యాన్ని గోడ మీద వేస్తే చాలు, ఎటు తిరగాలో పిల్లలే అరిచి చెప్తారు. పాఠాన్ని ఒకే యాప్‌కు కట్టెయ్యడమూ ప్రమాదమే. క్లాసులను వర్చువల్ యాత్రలకు తీసుకెళ్లే గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ యాప్ 2021లో మూతపడింది, దాన్ని నమ్ముకున్న టీచర్లు మళ్లీ మొదటికి వచ్చారు.

మన సంఘాల్లో వారాంతపు తెలుగు బడులు నడిపేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. అమావాస్య వెళ్లిన మూడో రోజో నాలుగో రోజో సాయంత్రం పిల్లల చేత నెలవంకను గీయించండి. అదే రోజు తమకు కనిపించినట్టు గీసి పంపమని అమ్మమ్మలనూ తాతలనూ అడగండి. ఆ రెండు బొమ్మలూ పిల్లల సైన్సు టీచరుకు ఇవ్వండి. పక్కపక్కన గోడకు అంటించి, తేడా ఎందుకొచ్చిందో ముందు పిల్లల్నే ఊహించమనండి. హెడ్‌సెట్ ఆ తర్వాత బయటికి తియ్యమనండి.