తాత్కాలికంగా ఒక జానెడు

వంటింట్లో సింకును గోడ వెంట ఒక జానెడు పక్కకి జరపాలని మా ఇంట్లో తీర్మానం జరిగింది. తీర్మానం ఏకగ్రీవం, ఎందుకంటే ఆ సమయంలో నేను ఇంట్లో లేను. సింకు జరిగింది. గోడలోంచి బయటికి వచ్చిన పాత వాడకనీళ్ళ పైపు మాత్రం జరగలేదు. ఇల్లు కట్టిన రోజు నుంచీ అది అక్కడే ఉంది, ఎవరు పిలిచినా రాదు. సింకు మూతి ఒకచోట, పైపు మూతి ఇంకోచోట, మధ్యలో జానెడు శూన్యం. దాని కింద ఒక బకెట్టు.

'ప్రస్తుతానికి ఏదో ఒకటి తగిలిద్దాం, తర్వాత గోడ పగలగొట్టి సరిగ్గా చేయిద్దాం' అన్నాను. ఇంటి పెద్దగా నేను ఇచ్చిన హామీల్లో మొదటి సగం నెరవేరినది ఇదొక్కటే.

తగిలించాలంటే ముందు ఆ పైపు ఏ జాతిదో తెలియాలి. ఇక్కడే మన గృహ వ్యవస్థలోని ఒక పెద్ద లోపం బయటపడుతుంది. ఇంటి కాగితాలన్నీ బీరువాలో భద్రంగా ఉంటాయి. గోడలో ఏముందో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. ఆ సంగతి తెలిసిన మేస్త్రీ ఎక్కడున్నాడో తెలియదు. పైగా ఇంటికి రంగులు వేసినప్పుడల్లా పైపుకీ వేశారు. గోరుతో గీస్తే తెలుపు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద ఇంకో తెలుపు. అసలు ఒళ్ళు ఎక్కడా కనిపించదు.

విచారణ సంఘం కూర్చుంది. మా నాన్నగారు స్క్రూడ్రైవరు పిడితో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి విన్నారు. ఇనుమైతే ఖంగుమనాలి, ప్లాస్టిక్కయితే డొప్పుమనాలి. మాది రెండూ కాకుండా 'దుబ్' అంది. లోపల సగం జిడ్డు పేరుకుని ఉండటం వల్ల ఆ గొంతు వచ్చిందని తర్వాత తెలిసింది. నాన్నగారు మాత్రం 'సీసం' అని తేల్చేశారు. సీసం అనుమానం మరీ వింత కాదు. పాతకాలంలో ఇళ్ళకు సీసపు గొట్టాలు వేసేవారు. లాటిన్‌లో సీసాన్ని ప్లంబమ్ అంటారు, ప్లంబర్ అన్న మాట పుట్టిందే దాని నుంచి. సీసమైతే మెత్తగా ఉంటుంది, మేకుతో గీస్తే వెండిలా మెరుస్తుంది, అయస్కాంతానికి అంటదు.

మా బావమరిది ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం ఊడదీసి తెచ్చాడు. అది టక్కున అతుక్కుంది. 'బావా, ఇనుము!' అన్నాడు, నిధి దొరికినట్టు. ఇనుమే అయినా పోతఇనుమా, లేక జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనుమా? పోతఇనుమైతే మందంగా, గరుకుగా ఉంటుంది, సుత్తి దెబ్బ గట్టిగా పడితే పగిలిపోతుంది. రంగు గీకితే కొసన మరలు కనిపించాయి. జీఐ పైపు. కేసు ముగిసింది.

ఒక మాట మాత్రం వ్యంగ్యం పక్కన పెట్టి చెప్పాలి. అయస్కాంతం అంటకుండా, సిమెంటులా బూడిదరంగులో, గట్టిగా ఉంటే అది ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపు కావచ్చు. దాన్ని రంపంతో కోయకండి, గీకకండి. ఆ పొడిలోని పీచు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తెలిసినవాణ్ణి పిలవండి.

ఇక కొలత. ఇంత అబద్ధాల పద్దు ఇంకే శాస్త్రంలోనూ నేను చూడలేదు. పైపు చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెడితే 152 మిల్లీమీటర్లు. 3.14తో భాగిస్తే 48 చిల్లర. కొట్టువాడికి చెప్తే క్షణం ఆలోచించకుండా 'ఒకటిన్నర అంగుళం పైపు సార్' అన్నాడు. ఒకటిన్నర అంగుళం అంటే 38.1 మిల్లీమీటర్లు. ఆ పేరున్న ఇనుప పైపు బయటి కొలత 48.3, లోపలి కొలత సుమారు 41. బయట కొలిచినా లోపల కొలిచినా ఒకటిన్నర అంగుళం ఎక్కడా లేదు, పేరులో తప్ప.

ప్లాస్టిక్ పైపుల పేర్లు మళ్ళీ మిల్లీమీటర్లలో. 50 పైపుకి పట్టే సాకెట్టు తెచ్చి ఈ ఇనుప పైపుకి తొడిగితే, తాతగారి చొక్కా మనవడికి తొడిగినట్టు ఉంది. మొత్తం సందు 1.7 మిల్లీమీటర్లు. మనిషి కంటికి అది చిన్న సందే గానీ నీటికి రాజమార్గం. సాల్వెంటు పూసి చూశాను. పీవీసీని పీవీసీకి అంటించే ఆ జిగురు ప్లాస్టిక్ పైపొరను కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. ఇనుము ఎవరి కోసమూ కరగదు. తర్వాత సైకిలు ట్యూబు ముక్క చుట్టాను, దాని మీద గుడ్డ పేలిక, దాని మీద ఎపాక్సీ పుట్టీ. అది చూసి మా ఆవిడ 'కాలు విరిగిందా?' అని అడిగింది. మర్నాటికి కట్టు కారుతోంది. చివరికి చేసింది మొదటే చేసి ఉండాల్సిన పని: రెండు పక్కలా స్టీలు క్లిప్పులున్న రబ్బరు కప్లింగు. ఇనుప మూతికి ఒక వైపు, ప్లాస్టిక్కుకి ఒక వైపు, స్క్రూడ్రైవరుతో బిగించడం. పది నిమిషాలు పట్టింది. ముందు మూడు రోజులు లెక్కలోకి రావు.

ఆ జానెడు దూరానికి ముడతల గొట్టం వాడాను, ఎటు వంచితే అటు వంగుతుందని. నిజంగానే వంగింది. మధ్యలో పొట్ట జారింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఆ పొట్టలో నీళ్ళు నిలిచాయి. సింకు కింద ఎలాగూ ఒక వంపు ఉంటుంది, వాసన పైకి రాకుండా నీళ్ళు పట్టి ఉంచడానికి. అలాంటి వంపుకి 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఒక వంపుతో ఆపాడు. నేను రెండో వంపు సమకూర్చాను. రెండు నీటిమడుగుల మధ్య గాలి ఇరుక్కుని, గిన్నె కడిగిన ప్రతిసారీ సింకు 'గుడగుడ' అని గట్టిగా ఆక్షేపణ తెలిపేది. పైగా ముడతల్లో మెతుకులు. మీటరుకి 25 మిల్లీమీటర్ల వాలు ఉంటే చాలట. గొట్టం తీసేసి నున్నటి పైపు వేసి, కింద ఒక ఇటుక పెట్టి, ఇటుక మీద మడిచిన అట్టముక్క పెట్టి ఆ వాలు సాధించాను. అట్టముక్క ఉన్నంతవరకు వాలుంటుంది.

ఇదంతా జరిగి మూడేళ్ళు. ఈ మధ్యలో ఫ్రిజ్ పోయింది, మిక్సీ రెండుసార్లు మారింది, శాశ్వతంగా ఉంటుందని వేయించిన గచ్చు పగిలింది. తాత్కాలికం చెక్కుచెదరలేదు. ఇటుకని కూడా ఎవరూ కదపరు. ఊడ్చేవాళ్ళు దాని చుట్టూ ఊడుస్తారు.

పోయిన నెల ఇంటికి రంగులు వేయించాం. రంగులతను వంటింట్లో చతికిలబడి, బ్రష్షు పట్టుకుని అడిగాడు: 'సార్, ఈ రబ్బరుదీ ఇటుకా తీసేస్తారా, తీసేదాకా ఆగమంటారా?'

'తాత్కాలికమేలే' అన్నాను. 'దాని మీద కూడా వేసెయ్. రెండు కోటింగులు.'