సవరణ: కొండాపూర్ మట్టి బిళ్లలు దొంగ నాణేలు కావు

సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో దొరికిన మట్టి బిళ్లల గురించి మొన్న రాశాను. రోమన్ చక్రవర్తి టైబీరియస్ నాణేలను పోలిన వాటిని "ఆ కాలపు దొంగ నాణేలు" అన్నాను. అది తప్పు. ఫొటో చూసి తొందరపడ్డాను.

పురావస్తు పరిశోధకులు వాటిని నగలుగా గుర్తించారు. నాణెం బొమ్మను మట్టిలో దింపి, దారానికి గుచ్చి మెడలో వేసుకునే లాకెట్లవి. మట్టిని చెలామణి చేసి ఎవరిని మోసం చేస్తారు? ఈ మాట నాకు ముందే తట్టాల్సింది! అసలు రోమన్ బంగారు నాణెం దాదాపు 8 గ్రాములు తూగేది. అంత స్తోమత లేనివాళ్లకు ఈ మట్టివి దక్కి ఉంటాయని నా ఊహ. ఉన్నవాళ్లు అసలు నాణేలకే, చక్రవర్తి తలకు పైగా రెండు రంధ్రాలు పొడిపించుకునేవారు. మన కాసులపేరు గుర్తొస్తుంది కదా.

ఇంకొకటి. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 బంగారు నాణేల మీది ఉలి గాట్లు కూడా నగల కోసమేనని కొందరు అర్థం చేసుకున్నారు. కాదు. అవి చక్రవర్తి ముఖం మీద పెట్టిన గాట్లు. మళ్లీ నాణెంగా చెల్లకుండా అలా చేశారని ఎక్కువమంది అభిప్రాయం. పాత పోస్టులో ఆ వాక్యాలు మార్చాను.