యావన్మందికీ తెలియజేయడమేమనగా

మా పంచాయతీ ఆఫీసులో మైకు ముందు కూచుని వార్తలు చదివే పని, జీతం లేకుండా, నాకు దొరికింది. నాకంటే ముందు చదివినాయన మంచివాడే గానీ గొంతులో ఎప్పుడూ పెళ్లికళ ఉండేది. "రేపు నీటి సరఫరా ఉండదు" అన్న ముక్కను ఎంత హుషారుగా చదివేవాడంటే, జనం నీళ్లొస్తున్నాయనుకుని బిందెలు పట్టుకుని బయటికొచ్చేవాళ్లు. నా గొంతేమో పుట్టుకతోనే ఏడుపుగొట్టుది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాక ఇంకాస్త ముదిరింది. "పంచాయతీ వార్తలకి ఇలాంటి గొంతే కావాలి మాస్టారూ, విన్నవాళ్లెవరూ ఆశలు పెట్టుకోరు" అన్నారు కార్యదర్శి గారు.

ఆదివారం పొద్దున్న ఏడింటికి "యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని ఎత్తుకుంటాను. ఆ తర్వాత ఎప్పుడూ అవే సంగతులు. బస్సు టైము మారింది, ఫలానా స్తంభానికి లైటు వేశారు, ఫలానా చోట రోడ్డు తవ్వారు, పూడ్చే సంగతి వచ్చే వారం. ఏ వార్తకావార్త విడిగా వింటే ఊరు బాగుపడిపోతున్నట్టే ఉంటుంది. వాటన్నిటినీ కలిపి ఒక్క రాత్రిలో అనుభవించే యోగం నాకు రాసిపెట్టి ఉందని అప్పటికి తెలీదు.

స్పీడ్ బ్రేకర్ కావాలని అర్జీ పెట్టింది నేనే, ఒప్పుకుంటాను. బడి మలుపు దగ్గర లారీలు దూసుకొస్తుంటే పిల్లలు రోడ్డు దాటలేక గోడకి అంటుకుపోయి నిలబడేవాళ్లు. లెక్కల మాస్టారిని కదా, అర్జీలో శాస్త్రం కూడా రాశాను. బండి వేగం రెట్టింపైతే దాని గతిశక్తి రెట్టింపుతో ఆగదు, నాలుగింతలవుతుంది, ఎందుకంటే అది వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది అని. కార్యదర్శి గారు ఆ వాక్యం మీద పెన్ను ఆపి, "ఆ వర్గం అన్న మాట తీసేయండి మాస్టారూ. అసలే ఊళ్లో రెండున్నాయి" అన్నారు. తీసేశాను.

సర్పంచ్ గారికి నమ్మకం కుదరడానికి ఆర్థర్ కాంప్టన్ గురించి కూడా చెప్పాను. 1927లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మహానుభావుడు, సెయింట్ లూయిస్‌లో తాను పనిచేసే విశ్వవిద్యాలయం ముందు కార్లు వెళ్లే వేగం చూడలేక, 1953లో వాటికోసం రోడ్డు మీద దిమ్మలు డిజైన్ చేశాడు. సర్పంచ్ గారు చాలాసేపు ఆలోచించి, "అంత చదువుకున్నాయన చేసిన పని మన మేస్త్రి చెయ్యగలడంటారా?" అని అడిగారు. చెయ్యగలడన్నాను. నా జీవితంలో తప్పిన లెక్కలు కొన్నే, అందులో ఇదొకటి.

కొలతలు కూడా నేనే ఇచ్చాను. 1970ల్లో బ్రిటన్‌లో రోడ్ల పరిశోధన చేసేవాళ్లు రకరకాల దిమ్మలు పరీక్షించి తేల్చిన కొలత అది. బండి వెళ్లే దిశలో 12 అడుగుల వెడల్పు, మధ్యలో 4 అంగుళాల ఎత్తు. ఏనుగు వీపులా మెల్లగా లేచి మెల్లగా దిగాలన్న మాట. నెమ్మదిగా వెళ్లేవాడికి ఏమీ తెలీదు, వేగంగా వెళ్లేవాడికి మాత్రమే బుద్ధొస్తుంది. కాగితం మీద పొదుపుగా "12 అ. వెడల్పు, 4 అం. ఎత్తు" అని రాశాను. మేస్త్రి చేతికి వెళ్లింది దాని జిరాక్సు. ఆ జిరాక్సు మిషన్‌కి సున్నలంటే పడదు.

"రెండుచోట్లా 'అ' అనే ఉంది మాస్టారూ," అన్నాడు మేస్త్రి తర్వాత, తప్పు తనది కానట్టే. నిజంగానే తనది కాదు కూడా. "అడుగులనుకుంటే నాలుగడుగుల ఎత్తవుతుంది. రోడ్డుకి అడ్డంగా గోడ కట్టమంటారా? కాబట్టి రెండూ అంగుళాలే అయ్యుంటాయని బుర్ర పెట్టి ఆలోచించి కట్టాను." ముప్పై ఏళ్లలో నా క్లాసులో ఒక్క పిల్లాడు కూడా ఇంత చక్కగా తర్కించలేదు. ఏమనగలను?

అలా 12 అంగుళాల వెడల్పుతో, 4 అంగుళాల ఎత్తుతో, రోడ్డు మీద ఎవరో దుంగ పడేసి మర్చిపోయినట్టు ఒక దిమ్మ వెలిసింది. సిమెంటు ఆరకముందే ఒక కుక్క దాని మీదుగా నడిచింది. నాలుగు పాదాల గుర్తులు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. ఆ దిమ్మ దగ్గర వేగం తగ్గించిన మొదటి ప్రాణి అదే. రెండు చివర్లా జానెడు జానెడు ఖాళీ మిగిలింది కాబట్టి బైకులవాళ్లు అక్కణ్ణుంచి సర్రున దూరిపోతున్నారు. తెల్ల గీతలు వెయ్యడం తర్వాతి మీటింగుకి వాయిదా పడింది.

ఇక బస్సు. వెనక చక్రాల తర్వాత ఉండే సీట్లు గుంతలో ఎలా ఎగురుతాయో అందులో కూచున్నవాళ్లకి తెలుసు. మొదటిరోజే వెనక సీటులో నిద్రపోతున్న పెద్దాయన ఒకరు లేచి నిలబడ్డారు. ఆయన లేవలేదు, బస్సే లేపింది. డ్రైవరు మర్నాటి నుంచి ఊళ్లోకి రానని తేల్చిచెప్పి, అర కిలోమీటరు అవతల మెయిన్ రోడ్డు మీదే ఆపడం మొదలుపెట్టాడు. ఆ వార్త కూడా నేనే చదివాను. "ప్రయాణికుల భద్రతను దృష్టిలో ఉంచుకుని బస్ స్టాపు మార్చడమైనది."

లైటు సంగతి ఇంకా నయం. దిమ్మ పక్కనున్న స్తంభం లైటు పగలంతా వెలుగుతోందని ఫిర్యాదు వచ్చింది. కరెంటు వృథా కదా. లైన్‌మన్ వచ్చాడు, ఎక్కాడు, దిగాడు. ఆ రోజు నుంచి పగలు వెలగడం లేదు. రాత్రి కూడా వెలగడం లేదు, కానీ ఫిర్యాదులో రాత్రి ఊసు లేదు. "సమస్య పరిష్కరించబడినది" అని చదివాను. అబద్ధం ఎక్కడుంది అందులో?

ఆ శుక్రవారం పంచాయతీ మైకు సెట్టు రిపేరు చేయించుకుని ఆఖరి బస్సులో వచ్చాను. మెయిన్ రోడ్డు మీద దింపేశారు. యాంప్లిఫయర్‌ని చంటిపిల్లలా రెండు చేతులతో గుండెకి హత్తుకుని, చీకట్లో అర కిలోమీటరు నడిచి, బడి మలుపు తిరిగాను.

పడ్డాను.

పడేటప్పుడు మనిషి ఏం ఆలోచిస్తాడో గానీ నేను మాత్రం "4 అంగుళాలు" అనుకున్నాను. మోకాలు చీరుకుపోయింది. యాంప్లిఫయర్ చేతుల్లోనే ఉంది, లోపల ఏదో గలగలమంది. ఇంతలో ఒక బైకు వచ్చి, వేగం ఏమాత్రం తగ్గించకుండా ఆ జానెడు సందులోంచి దూసుకుపోయింది. దాని లైటు వెలుగులో నా మొహానికి అడుగు దూరంలో రెండు కళ్లు మెరిశాయి. సిమెంటు మీద సంతకం పెట్టిన కుక్క. ఇంగ్లండులో పర్సీ షా అనే రోడ్డు కాంట్రాక్టరు 1934లో పేటెంటు తీసుకున్న, రోడ్డు మధ్యన మెరిసే ఆ గాజు 'పిల్లికళ్లు' గుర్తొచ్చాయి. మా పంచాయతీ ఇంకా కుక్కకళ్ల దగ్గరే ఉంది.

పక్కింటి పెద్దమ్మ తలుపు తీసింది. "ఎవర్రా అది?"

"నేనే పెద్దమ్మా."

"వార్తల మాస్టారా! అయ్యో నాయనా, అక్కడ దిమ్మ కట్టారని మొన్న మైకులో చెప్పారుగా, వినలేదూ?"

విన్నానన్నాను.

ఆదివారానికి కార్యదర్శి గారు వార్త రాసి సిద్ధంగా పెట్టారు. "బడి మలుపు వద్ద ఒక పాదచారి అతివేగంగా నడిచి కిందపడి స్వల్పంగా గాయపడ్డారు." ఆ 'అతివేగంగా' తీసెయ్యమని బతిమాలాను.

"స్పీడ్ బ్రేకర్ దగ్గర పడ్డారంటే స్పీడున్నట్టే కదా మాస్టారూ," అన్నారాయన, ఎంతో జాలిగా.

వాదించే ఓపిక లేక మైకు ఆన్ చేసి ఉన్నదున్నట్టు చదివేశాను. పడ్డప్పుడు లోపల ఏం కదిలిందో, యాంప్లిఫయర్‌లోంచి నా గొంతు సన్నగా, గలగలమంటూ, మహా హుషారుగా బయటికొస్తోంది. నా యాక్సిడెంటు వార్త నాకే శుభలేఖలా వినపడింది. దాని కింద ఇంకొక్క లైను మిగిలింది. పైపుల మరమ్మతు వల్ల రేపు నీటి సరఫరా ఉండదు. అదీ చదివేసి కిటికీలోంచి చూశాను.

పెద్దమ్మ రెండు బిందెలతో బయటికొస్తోంది.