ఎవరి కూతుర్ని ఇచ్చి పెళ్లి చేస్తారు?

చెన్నైలో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వారం నుంచి ఒకటే మెసేజ్. పెరంబూరులో ఉండే ఒక గే అబ్బాయి రోజువారీ బతుకు మీద ఒక ఫొటోగ్రాఫర్ ఎగ్జిబిషన్ కోసం తీసిన ఫొటోలు నాలుగు పెట్టి, కింద "ఇది విదేశీ పైత్యం, ఇందులో కళ ఏముంది, పిల్లలు చూస్తే చెడిపోతారు, డాక్టరుకు చూపించి పెళ్లి చేస్తే వాడే కుదురుకుంటాడు" అని రాశారు. బాగా చదువుకున్నవాళ్లు కూడా పంపిస్తుంటే ఇంక ఊరుకోలేకపోయాను.

విదేశీ పైత్యమా? ఢిల్లీలో పుట్టిన సునీల్ గుప్తా 1986-87లోనే ఇండియా గేట్ దగ్గర, హుమాయూన్ సమాధి దగ్గర మన దేశపు గే మగవాళ్లను ఫొటోలు తీశాడు. అప్పట్లో గే సంబంధాన్ని నేరంగా చూసే సెక్షన్ 377 భయానికి ఎవరో తెలియకుండా జాగ్రత్తపడాల్సి వచ్చేది.

కళ సంగతా, రెండో ఫొటో పెద్దది చేసి చూడండి. వంటింటి గట్టు మీద ఆవిన్ పాల ప్యాకెట్టు, భుజాన తువ్వాలు, వాళ్లమ్మ బీపీ మాత్రలు వారం డబ్బాలో ఒక్కో గడిలో వేస్తున్నాడు. ఇది చూసి ఏ పిల్లలు చెడిపోతారు?

నాకు ఒళ్లు మండింది డాక్టరు, పెళ్లి అన్న మాటకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే గే కావడాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ తనకు ఈ విషయం సరిగా తెలియదని ఒప్పుకుని, సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకుని మరీ, 2021 జూన్ 7న, "మార్చేస్తాం" అనే వైద్యాలు ఆపాలని ఆదేశించారు. ఇక పెళ్లి. అబ్బాయిది ఐటీ ఉద్యోగం, సొంత ఫ్లాటు అని చెప్పి అసలు సంగతి దాచేస్తారు. వచ్చిన పిల్ల తనలోనే ఏదో లోపం ఉందనుకుని కుమిలిపోతూ, విశేషం ఏమీ లేదా అని అడిగే అత్తగారికి జవాబు చెప్పలేక గుళ్ల చుట్టూ, ఆస్పత్రుల చుట్టూ తిరగాలి. తెలిసి తెలిసి మీ అమ్మాయిని ఇస్తారా? ఇవ్వరు. మరి ఎవరి కూతుర్ని ఇమ్మంటున్నారు?

ఆ మెసేజ్‌లో ఒక్క మాట మాత్రం నిజం. ఫొటోగ్రాఫర్‌కు పేరొస్తుంది సరే, రేపు ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఆ అబ్బాయికి దిక్కెవరు అని అడిగారు. 2018లో సుప్రీంకోర్టు నేరం కాదంది గానీ అద్దె ఇంటికి పూచీ పడలేదు. ఫొటోలు ఎక్కడెక్కడ పెడతారో అతనికి ముందే చెప్పాలి, ఎప్పుడు వద్దన్నా తీసెయ్యాలి. కానీ ఆ ఓనరు ఎగ్జిబిషన్‌కు వెళ్లి చూస్తాడా? అతని ఫోనుకు చేరేది మీ ఫార్వర్డే. పంపినవాళ్లు ఇప్పుడే తీసెయ్యండి.