ప్రధానమంత్రిగారి బంతాట

పసిఫిక్ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకు ఈశాన్యాన ఉన్న మెలనేసియా దీవుల జాతీయ జట్లు తమలో తాము ఒక చిన్న ఫుట్‌బాల్ పోటీ ఆడుకుంటాయి. 1988లో సాలమన్ దీవుల రాజధాని హొనియారాలో మొదలై 2000 దాకా సాగిన ఇలాంటి పోటీని వెనుకటి అమాయకులు మెలనేసియా కప్ అని పిలిచి ఊరుకున్నారు. 2022లో వనువాటులో మళ్లీ మొదలుపెట్టినప్పుడు మాత్రం ఈ లోపాన్ని సవరించి, ‘ఎంఎస్‌జీ ప్రధానమంత్రి కప్’ అని నామకరణం చేశారు. ఎంఎస్‌జీ అంటే మెలనేసియన్ స్పియర్‌హెడ్ గ్రూప్, ప్రధానంగా ఆ ప్రాంతపు ప్రభుత్వాల కూటమి. మైదానంలో పరిగెత్తేది ఇరవై ఇద్దరు, పేరు మాత్రం మెడలో పూలదండతో పందిట్లో కూర్చున్నవారిది. ఈ ఏర్పాటులోని న్యాయం తెలుగువారికి ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

ఇంత చిన్న దేశాల ఆట మనకెందుకని ముఖం చిట్లించేవారికి ఒక మాట. 2023 జూన్‌లో భువనేశ్వర్‌లో వనువాటుతో ఆడిన భారత జట్టు, 81వ నిమిషంలో సునీల్ ఛెత్రీ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో గట్టెక్కింది. మనం 140 కోట్లమందిమి, వాళ్లు సుమారు మూడు లక్షలమంది. కాబట్టి చిట్లించిన ముఖాన్ని కాసేపు సరిచేసుకుని ముందుకు సాగుదాం.

ఈ పేరులో నాకు కనిపించే చిక్కల్లా ఆ ప్రాంతంలో ప్రధానమంత్రి అన్న పదార్థం ఎక్కువకాలం నిలవ ఉండకపోవడమే. ఒక్క 2023లోనే వనువాటును ముగ్గురు ప్రధానులు పాలించారు: కల్సకావు సెప్టెంబరులో దిగిపోయారు, కిల్మాన్ వచ్చి నెల తిరగ్గానే వెళ్లారు, అక్టోబరులో సల్వై కూర్చున్నారు. అక్కడి సభ్యుల పార్టీ మార్పిళ్లు ఎంత ముదిరాయంటే, వాటికి కళ్లెం వేయడానికి 2024 మేలో దేశమంతటా రెఫరెండం పెట్టవలసి వచ్చింది. ఫుట్‌బాల్ ఆటగాడు క్లబ్బు మారాలంటే ఏడాదిలో ఫలానా వారాల్లోనే మారాలని నిబంధన ఉంది. శాసనకర్తకు ఆపాటి క్రమశిక్షణ కూడా లేకపోయింది.

ఇక ప్రారంభోత్సవాన్ని ఊహించుకోండి. రెండు జట్లూ ఎండలో వరుసగా నిలబడ్డాయి. ప్రధానమంత్రి మైకు అందుకుని, యువత, ఐక్యత, సోదరభావం అనే మూడు మెట్లలో రెండోదానికి చేరేసరికి, పందిట్లో వెనక వరుసలోని నలుగురు సభ్యులు కుర్చీలు ఇటునుంచి అటు జరుపుకున్నారు. అవిశ్వాస తీర్మానం మీద సంతకాలు సరిపోయాయి. కొత్త ప్రధాని మైకు అందుకుని, పాతవారి ఉపన్యాసంతో తమ ప్రభుత్వానికి సంబంధం లేదని ప్రకటించి, మళ్లీ యువత దగ్గరనుంచి మొదలుపెట్టారు. పిల్లలు చేతి జెండాలు మరోసారి ఊపారు. గోల్‌కీపర్ గడ్డిమీద కూలబడ్డాడు. విరామ సమయానికి మూడో ప్రధాని వచ్చి, ఇప్పటిదాకా జరిగిన నలభై ఐదు నిమిషాల ఆట చెల్లుతుందో లేదో సుప్రీంకోర్టును అడగాలన్నారు. కోర్టు చెల్లుతుందనీ, మొదటి ఉపన్యాసం మాత్రం చెల్లదనీ తీర్పిచ్చింది. చివరికి కప్పు అందించేవేళ దాని రెండు చెవుల్నీ ఇద్దరు మాజీలు పట్టుకుని ఉండగా, గెలిచిన కెప్టెన్ దూరంనుంచే నమస్కరించి బస్సెక్కాడు.

మరీ అతిశయోక్తి అనిపిస్తే, 2000 సంవత్సరాన్ని చూడండి. చివరి మెలనేసియా కప్ ఫిజీలో జరిగింది, ఫిజీయే గెలిచింది. అదే ఏడాది మే 19న సాయుధులు పార్లమెంటులోకి చొరబడి, ఆ దేశానికి భారత సంతతినుంచి వచ్చిన మొదటి ప్రధాని మహేంద్ర చౌదరిని బందీగా పట్టుకుని 56 రోజులు ఉంచారు.

మన తెలంగాణ ఈ విషయంలో ఎంతో పరిణతి చూపింది. 2023లో ఒక ముఖ్యమంత్రి హయాంలో ‘సీఎం కప్’ జరిగింది, 2024లో ఇంకో ముఖ్యమంత్రి హయాంలోనూ ‘సీఎం కప్’ జరిగింది. మనిషి మారినా ఫలకం మార్చే ఖర్చు ఉండదు. భారత జట్టును 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడే కదా, ఆయన పేరు పెట్టవచ్చు కదా అని అడిగేవారికి రాజకీయం తెలియదు.

సాలమన్ దీవుల్లోనూ ఒకడున్నాడు. 2004లో అడిలైడ్‌లో ఆస్ట్రేలియాతో వారి ఆట 2-2తో ముగియడంతో, అదే పోటీలో ఉన్న న్యూజిలాండ్ వెనకబడి ఇంటిముఖం పట్టింది. ఆ రెండు గోల్సూ కొట్టినవాడు కామిన్స్ మెనాపి. అతను ఇప్పుడు లేడు. కప్పుకు పెట్టడానికి ఆ పేరొకటి సిద్ధంగా ఉండగా, పదవి పేరు వెతికి తెచ్చినవారి చేతులకు మొక్కాలి.

పేరుతోనే సరిపెట్టుకుంటే నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ఈ కప్పు మెలనేసియా సోదరభావం కోసమని వారే అంటారు. ఆ సోదరుల్లో పశ్చిమ పాపువావారు లేరా? అదే ద్వీపం, అదే జాతి. తూర్పు సగం పాపువా న్యూగినీ పేరుతో కప్పు ఆడుతుంది, పడమటి సగం ఇండోనేషియా కింద నలుగుతుంది. 1969లో లక్షలమంది జాతకాన్ని, సైన్యం నీడలో తాము ఏరి తెచ్చిన వెయ్యిమంది పైచిలుకు చేత చేతులెత్తించి రాసేసి, దానికి స్వేచ్ఛాభిప్రాయమని పేరు పెట్టారు. పాపువావారి జెండా ఎగరేసినందుకు వారి ఉద్యమకారుడు ఫిలెప్ కర్మకు 15 ఏళ్ల శిక్ష వేశారు. 2015లో ఎంఎస్‌జీ ఆ ఇండోనేషియాకే సహసభ్యత్వం ఇచ్చి, పాపువా విమోచనోద్యమాన్ని పరిశీలకుల బల్లమీద కూర్చోబెట్టింది. 2023లో వనువాటు రాజధాని పోర్ట్ విలాలో కూడిన ఎంఎస్‌జీ నాయకులు వారికి పూర్తి సభ్యత్వం కుదరదని మళ్లీ తేల్చేశారు. సిగ్గులేదా అని అడగడానికి మర్యాద అడ్డొస్తోంది, అయినా అడుగుతున్నాను. పశ్చిమ పాపువాలోని జయపుర నగరపు పెర్సిపుర క్లబ్బు ఇండోనేషియా లీగును నాలుగుసార్లు గెలిచింది. అక్కడి సోరోంగ్‌లో పుట్టిన బోవాజ్ సొలోస్సా ఇండోనేషియా జాతీయ జట్టుకే కెప్టెన్ అయ్యాడు. ఆట రాదని వీరిని తోసిపుచ్చడానికి వీల్లేదు.

ప్రధాని లేని చోటికి ప్రధానమంత్రి కప్పులో ప్రవేశమెలా అని ఎవరైనా నిబంధన చదవబోతే, ఫ్రాన్స్ ఏలుబడిలో ఉన్న న్యూ కాలెడోనియా జట్టుకు ఎలా చోటిచ్చారో ముందు చెప్పాలి. దానికీ ప్రధాని లేడు. ఇక మిగిలిన అడ్డంకల్లా జకార్తావారి ముఖంలో రంగు మారడమే. దానికి భయపడేది ఆ ఇరవై ఇద్దరూ కాదు, పందిట్లో కూర్చున్నవారు.